కడుగుడు వంతు

ఏటా జనవరి మూడో శనివారం కానుగల మడుగు దగ్గర పక్షుల లెక్క చిన్నరాయప్ప గీసే సున్నం గీతతో మొదలవుతుంది. పొద్దున్నే తట్టలో పొడి సున్నం వేసుకుని వచ్చి, తమ్మిలేరు ఒంపు తిరిగే చోట, ఒడ్డు పొడవునా, నీళ్ళకి పది అడుగుల ఇవతల గీత గీస్తాడు. ఆ గీత దాటి ఎవరూ పోకూడదు. నూజివీడు కాలేజీ పిల్లలైనా, మెడలో కెమెరాలు వేసుకుని విజయవాడ నుంచి కార్లలో దిగే పెద్దమనుషులైనా అంతే. "పిట్టలు బెదురుతాయండీ" అంటాడు. ఆ క్రమశిక్షణ చూసి అందరూ ముచ్చటపడతారు. అసలు ఆ గీత ఎవరి కోసమో రాయప్పకి ఒక్కడికే తెలుసు. కనీసం అతను అలా అనుకుంటున్నాడు.

కానుగల మడుగులో పక్షులు లేవు. ఆరేళ్ళ కిందట ఒక్క రాత్రిలో అన్నీ చచ్చిపోయాయి. వాటి నీడలు మాత్రం నీళ్ళలో ఉండిపోయాయి. చలికాలం మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా పడిందంటే చాలు, పైన ఒక్క రెక్క కూడా లేకుండానే నీళ్ళలో పరజలు బారులు కట్టి ఈదుతాయి, కొంగలు ఒంటికాలి మీద నిలబడతాయి, లకుముకి పిట్ట నీటి అడుగు నుంచి పైకి దూకుతుంది. అందుకే ఇక్కడికి వచ్చేవాళ్ళు దుర్భిణీలు ఆకాశం వైపు ఎత్తరు, కిందికి దించుతారు. ఒడ్డున మనిషి నిలబడి అతని నీడ నీళ్ళలో పడితే పిట్టల నీడలు బెదిరి అవతలి ఒడ్డుకి పోతాయి. కాబట్టి గీత అవసరమే, అబద్ధమేమీ కాదు. ముసునూరు చుట్టుపక్కల దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. ఏట్లో నీళ్ళున్నాయి, నీళ్ళలో పిట్టలున్నాయి, అంతే.

ఆ శనివారం కూడా పన్నెండు గంటలకల్లా అందరూ వచ్చారు. కాలేజీలో జువాలజీ చెప్పే వినీల మేడమ్, ఆవిడ వెంట ఏడుగురు విద్యార్థులు. మడుగుని ఆనుకున్న మామిడితోట యజమాని సత్యనారాయణమూర్తిగారు ఇస్త్రీ చొక్కా మీద పక్షిమిత్ర సంఘం బ్యాడ్జీ పెట్టుకుని వచ్చారు. సంఘానికి అధ్యక్షుడు ఆయనే. తోటలో చెట్ల కింద కృపావతి పొయ్యి వెలిగించి సాంబారు పెట్టింది. ఊళ్ళో ఫంక్షన్లకి వంట చేసే మనిషి ఆమె. ఏటా ఈ భోజనాలూ ఆమెవే.

"అన్నయ్యా, కాస్త గుండిగ దింపి పెడతావా?" అని పిలిచింది రాయప్పని.

"వస్తన్నా కృపమ్మా" అని పరిగెత్తాడు. ఆమె పిలిస్తే అతను ఎప్పుడూ పరిగెత్తే వెళతాడు.

లెక్క మొదలైంది. పిల్లలు గీత మీద వరసగా కూర్చున్నారు. రాయప్ప వాళ్ళ వెనక నిలబడి చేతికర్ర చాపి చూపిస్తున్నాడు. "అదిగోనమ్మా, ఆ గుంపు మొత్తం పరజలు. వాటి పక్కన ఈలేస్తున్నట్టు మెడ చాపినవి చిలువ బాతులు. మునిగి తేలేది బుడుబుంగ. అది ఇప్పుడు మునిగింది, ఇరవై అంకెలు లెక్కపెట్టండి, ఆ రాయి పక్కన తేలుతుంది." పిల్లలు లెక్కపెట్టారు. తేలింది.

"రాయప్ప గారికి తెలియని పిట్ట లేదు కదండీ" అంది వినీల, ఫారం నింపుతూ.

తెలియక ఏం చేస్తాడు? ఆ చచ్చిన పిట్టల్ని ఒక్కొక్కటిగా ఏరి, గోతాల్లో మోసుకెళ్ళి గొయ్యి తీసి పూడ్చింది అతనే. పరజలు నూట నలభై, చిలువ బాతులు అరవై రెండు, మిగిలినవన్నీ కలిపి మొత్తం మూడు వందల పన్నెండు. ఆరేళ్ళుగా ఫారంలో అదే అంకె. పెరగదు, తరగదు. అన్నిచోట్లా పక్షులు తగ్గుతుంటే ఇక్కడ ఒక్కటీ తగ్గలేదని పైనుంచి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. మూర్తిగారు దాన్ని అద్దం కట్టించి హాల్లో పెట్టుకున్నారు.

ఈ ఏడు ఇంకో మంచి కబురు ఉంది. మడుగుకి శాశ్వతంగా ఒక కాపలాదారుని వేస్తారట. యాభై ఎనిమిదేళ్ళ రాయప్పకి ఇక మామిడితోటల్లో పురుగుమందు పైపులు మోసే ఓపిక లేదు. మోకాళ్ళు పట్టేశాయి. ఆ పని వస్తే మిగిలిన రోజులు నీడపట్టున గడిచిపోతాయి. మూర్తిగారు సిఫారసు ఉత్తరం రాయించారు. వినీల సంతకం కూడా పెట్టింది. ఇంక ఆ ఉత్తరంతో పాటు ఒక ఫోటో జతచేస్తే సరి.

రాయప్ప ఆ మాట పొద్దున విన్నాడు. విన్నాక సున్నం గీత ఇంకోసారి దిద్దాడు.

ఆరేళ్ళ కిందటి డిసెంబరులో మూర్తిగారి తోటలో పూతకి ముందు కొట్టే మందు కొడుతున్నారు. పని రాయప్పది, క్రీస్తుదాసుది. క్రీస్తుదాసు అంటే కృపావతి భర్త. పాతికేళ్ళ జోడీ. ఒకడు పైపు పడితే ఒకడు మందు కలిపేవాడు. పని అయ్యాక డ్రమ్ము కడగడం మాత్రం ఇద్దరికీ గిట్టేది కాదు. చేతులు మండుతాయి, కంపు రెండు రోజులు వదలదు, ఆ చేత్తో అన్నం సహించదు. అందుకని వంతులు వేసుకున్నారు. మోటారు షెడ్డు గోడ మీద ఏ రోజు ఎవరి వంతో బొగ్గుతో రాసుకునేవారు. ఆ రోజు గోడ మీద ఉన్న పేరు క్రీస్తుదాసుది.

"ఒరే రాయప్పా, చర్చిలో క్రిస్మస్ పాటలకి డోలక్ వాయించేవాడు రాలేదంట్రా. ఈ ఒక్క రోజు నా వంతు నువ్వు కడిగెయ్. రేపూ ఎల్లుండీ నేను కడుగుతా" అన్నాడు క్రీస్తుదాసు.

"పోరా పో. నీ డోలక్ మోగకపోతే ఏసుప్రభువు పుట్టనని కూర్చుంటాడు మరి" అని రాయప్ప అతన్ని సైకిలెక్కించి పంపించాడు.

డ్రమ్ము షెడ్డు దగ్గరే, బోరు నీళ్ళతో కడగాలి. కడిగిన నీళ్ళు గుంటలోకి పోవాలి. అది మూర్తిగారు పెట్టిన నియమం. ఆ సాయంత్రం కరెంటు పోయింది. రాయప్ప అరగంట చూశాడు. ఇంటికి వెళ్ళాలి, చలి మొదలైంది. చివరికి డ్రమ్ముని దొర్లించుకుంటూ మడుగు దాకా తీసుకుపోయాడు. అడుగున చిక్కటి మందు మిగిలే ఉంది. రెండుసార్లు ముంచి, తొలిచి, నీళ్ళలోనే వంచేశాడు. చేతులు కడుక్కోవడానికి వంగితే నీళ్ళలో ఆకాశం కనిపించింది, కానుగ కొమ్మ కనిపించింది, పక్కనున్న డ్రమ్ము కనిపించింది. తను కనిపించలేదు. పొద్దు గూకిందిలే అనుకుని ఇంటికి పోయాడు.

తెల్లారేసరికి మడుగంతా తెల్లటి పొట్టలు, చేపలవీ పిట్టలవీ. ఊరు ఊరంతా మూర్తిగారి వాకిట్లో చేరింది. డ్రమ్ము ఏట్లో కడిగింది ఎవరని అడిగారు. మూర్తిగారు చెప్పులేసుకుని షెడ్డు దాకా నడిచి, గోడ చదివి, తిరిగొచ్చి, "దాసు పేరుంది" అన్నారు. క్రీస్తుదాసు రాయప్ప వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, నువ్వు చెబుతావుగా అన్న ఎదురుచూపు ఉంది. రాయప్ప మొహం తిప్పుకున్నాడు. అది చూసి క్రీస్తుదాసే తలవంచుకుని, "వంతు నాదేనండీ" అన్నాడు.

అందులో అబద్ధం లేదు. వంతు అతనిదే. సాయం చేసినవాణ్ణి ఇరికించడానికి అతనికి మనసు రాలేదు, సాయం చేసినవాడికి నోరు రాలేదు. షెడ్డు మూర్తిగారి వాకిటికి ఇరవై అడుగుల దూరం గనక గోడ చూశారు. మడుగు వంద గజాల దూరం. అక్కడిదాకా నడిచి ఇద్దరినీ ఒడ్డున నిలబెడితే నిమిషంలో తేలిపోయేది. కానీ ఒక కూలివాడి తప్పొప్పుల కోసం వంద గజాలు ఎవరు నడుస్తారు?

ఆ తరవాత క్రీస్తుదాసుని ఏ తోటవాళ్ళూ పనిలోకి పిలవలేదు. హనుమాన్ జంక్షన్లో లారీలకి లోడెత్తే పనికి పోయాడు. రెండో వేసవిలో మామిడికాయల లోడు మీద తాడు బిగిస్తూ జారి కింద పడ్డాడు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు. శవపెట్టె మోసినవాళ్ళలో రాయప్ప ముందు వరసలో ఉన్నాడు. రేపు చెబుతాను అనుకున్నాడు. చర్చిలో గురువుగారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి మోకరించినప్పుడల్లా తాగుడు గురించి చెప్పాడు, బూతు మాటల గురించి చెప్పాడు. ఇది మాత్రం వచ్చే ఏడాదికి వాయిదా వేశాడు. ఇంట్లో అద్దంలో మొహం కనిపిస్తూనే ఉంది, బావిలోనూ కనిపిస్తుంది. ఒక్క కానుగల మడుగులోనే కనిపించదు. ఒక మడుగుకి పది అడుగుల దూరంలో బతకడం పెద్ద కష్టమేమీ కాదు కదా అని సర్దుకున్నాడు. అలా పుట్టింది ఆ సున్నం గీత.

లెక్క ముగిసింది. మూడు వందల పన్నెండు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఇంక ఫోటో" అన్నారు మూర్తిగారు. "రాయప్పా, ఇవాళ ఒక్కరోజుకి నీ గీత పక్కన పెట్టు. మడుగు కనపడాలి, పిట్టలు కనపడాలి, మధ్యలో నువ్వు కనపడాలి. ఒడ్డు మీదికి రా."

"నేనెందుకు లెండి అయ్యగారూ. మీరు నిలబడండి. నా మొహానికి ఫోటో ఏంటి?"

"నీ ఉద్యోగానికిరా ఫోటో! నువ్వు లేకుండా నన్ను పంపిస్తే నన్నేస్తారు కాపలాకి" అన్నారాయన. అందరూ నవ్వారు.

"పిట్టలు బెదురుతాయండీ..."

"లెక్క అయిపోయిందిగా, బెదిరితే బెదరనీయండి రాయప్ప గారూ" అంది వినీల, అవతలి గట్టు మీదికి నడుస్తూ. అక్కడినుంచి తీస్తే ఒడ్డున మనుషులు, కింద నీళ్ళలో వాళ్ళ నీడలు, రెండూ ఫోటోలో పడతాయి.

రాయప్ప కదల్లేదు. నడుం పట్టేసిందన్నాడు, చొక్కా బాగాలేదన్నాడు. అప్పుడు చెట్ల కిందినుంచి కృపావతి వచ్చింది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ అతని పక్కన నిలబడింది.

"రా అన్నయ్యా, నీళ్ళ దాకా రా. నేనూ నిలబడతాను" అంది.

ఆ పిలుపుకి అతను ఎన్నడూ కాదనలేదు. ఇప్పుడు కాదంటే ఎందుకని అడుగుతుంది. అయినా పిట్టలు చెదిరే హడావిడిలో, అలల్లో ఎవరు చూడొచ్చారులే అనుకున్నాడు. కాళ్ళు ఈడ్చుకుంటూ గీత దాటాడు. పిల్లలు ఏడుగురు, మూర్తిగారు, కృపావతి, రాయప్ప, మొత్తం పదిమంది ఒడ్డున వరసకట్టారు. పిట్టల నీడలు ఒక్కసారిగా చెదిరి పక్కకి తప్పుకున్నాయి. గాలి లేదు. ఏరు పళ్ళెంలో పోసినట్టు నిలకడగా ఉంది. రాయప్ప తల ఎత్తి అవతలి గట్టు కేసి చూశాడు గానీ కిందికి చూడలేదు.

వినీల ఫోటో తీసింది. ఫోన్ దగ్గరికి పెట్టుకుని చూసుకుంది. మళ్ళీ చూసుకుంది. వెంటనే రాలేదు. నెమ్మదిగా తిరిగి నడుచుకుంటూ వచ్చి, ఫోన్ మూర్తిగారి చేతిలో పెట్టింది. పిల్లలు చుట్టూ మూగారు. ఒకమ్మాయి వేలితో లెక్కపెట్టి, "పైన పదిమంది ఉన్నాం. నీళ్ళలో తొమ్మిదిమందే ఉన్నాం" అంది.

ఫోటోలో తొమ్మిది నీడల చుట్టూ నీళ్ళు ఖాళీగా ఉన్నాయి. పిట్టలు బెదిరి పోయిన ఖాళీ అది. కృపావతి నీడ పక్కన, రాయప్ప కాళ్ళ కింద మాత్రం రెండు చిలువ బాతులు బెదురూ బెరుకూ లేకుండా ఈకలు సవరించుకుంటున్నాయి.

నీళ్ళలో మందు వంచినవాణ్ణి ఆ నీళ్ళు చూపించవని పిల్లలకి కూడా అర్థమైంది, ఆ పిట్టలు ఎలా చచ్చాయో అందరికీ తెలిసిందే కనక. మూర్తిగారు ఫోన్ చూశారు, రాయప్పని చూశారు, కృపావతిని చూడబోయి మానేశారు. ఆరేళ్ళ కిందట తను చదివిన గోడ ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది. వచ్చినా దాన్ని తన మొహంలోకి రానివ్వలేదు.

"ఎండ ఎదురు పడినట్టుంది మేడమ్. ఇంకోటి తీయండి" అన్నారు. "రాయప్పా, నువ్వు కాస్త పక్కకి తప్పుకో. ఉత్తరం సంగతి... వేరే పేరు ఏదన్నా చూద్దాం."

రాయప్ప పక్కకి తప్పుకున్నాడు. రెండో ఫోటో చక్కగా వచ్చింది.

భోజనాలు వడ్డించారు. చిక్కుడుకాయ కూర, సాంబారు, ఆవకాయ. అందరూ విస్తళ్ళ ముందు తలలు వంచుకుని తిన్నారు. రాయప్ప దూరంగా మామిడి మొదట్లో కూర్చుంటే కృపావతి అక్కడికే విస్తరి తెచ్చి వేసింది. ఎప్పటిలాగే అన్నం పెట్టింది, ఎప్పటిలాగే కూర పక్కన నిండుగా ఆవకాయ వేసింది. అతను ముద్ద కలిపాడు. నోటి దాకా పోలేదు.

"కృపమ్మా" అన్నాడు. "ఆ రోజు కరెంటు లేదమ్మా..."

"తెలుసు" అంది ఆమె, గరిటె సాంబారులో ముంచుతూ.

"ఇప్పుడు తెలిసిందా?"

"నాలుగేళ్ళ నించీ తెలుసు. నేను ఏటి ఒడ్డున గుండిగ తోముతుంటే వెనకనించి చెయ్యి చాపి ఎత్తావు చూడు. నీళ్ళలో గుండిగ ఒక్కటే గాలిలో లేచింది. పట్టుకున్న చెయ్యి లేదు."

రాయప్ప కలిపిన ముద్ద విస్తరిలో వదిలేశాడు.

"మా ఆయన లోడింగ్ పనికి పోయే ముందురోజు పొద్దున్నే ఇక్కడికొచ్చి మొహం కడుక్కున్నారు. నేను పక్కనే ఉన్నాను. ఆయన మొహం నీళ్ళలో ఆయనకి కనిపించింది, నాకూ కనిపించింది. అప్పుడు నాకు దాని అర్థం తెలియలేదు. నీ చెయ్యి చూశాక తెలిసింది."

"మరి ఎందుకు చెప్పలేదమ్మా? నలుగురిలో పెట్టి అడగొచ్చుగా?"

"ఆసుపత్రిలో ఆయన చివరి మాట అదే. 'వంతు నాదే, రాయప్పని ఏమీ అనొద్దు' అన్నారు. ఏమీ అనలేదు. ఇవాళ కూడా ఏమీ అనలేదు, నీళ్ళ దాకా రమ్మన్నాను, అంతే." ఆమె గొంతు పైకి లేవలేదు, కిందికి దిగలేదు. "నాలుగేళ్ళు, నాలుగు సార్లు ఇదే చెట్టు కింద నీకు అన్నం పెట్టాను. ఈసారి చెబుతావు, ఈసారి చెబుతావు అని విస్తరి ముందు నిలబడి చూశాను. నువ్వు మారు అన్నం అడిగేవాడివి."

"నోరు రాలేదు కృపమ్మా. దేవుడి మీద ఒట్టు, నోరు రాలేదు."

"తినడానికి వచ్చిందిగా" అంది.

రాయప్పకి ఏడుపు వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి విస్తరి ముందు కూర్చుని పిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు, తిట్టలేదు. తిడితే అతనికి కాస్త తేలికయ్యేది. ఏడుపు తగ్గేదాకా గరిటె పట్టుకుని నిలబడి, "ఇంకొంచెం సాంబారు వేయమంటారా అండీ?" అని అడిగింది.

ఫంక్షన్లలో ముక్కూమొహం తెలియని వాళ్ళని అడిగినట్టే అడిగింది. అన్నయ్య అనే మాట అక్కడితో అయిపోయిందని రాయప్పకి అర్థమైంది. ఉద్యోగం పోయిందన్నప్పుడు కూడా అతనికి అంత దెబ్బ తగల్లేదు.

మూడున్నరకి మూర్తిగారూ వినీలా వెళ్ళిపోయారు. కాలేజీ పిల్లలు ఆటో ఎక్కారు. ఎంగిలి విస్తళ్ళు ఎత్తేశాక కృపావతి గుండిగలూ గరిటెలూ అన్నీ ఒడ్డుకి చేర్చింది. పైన కొబ్బరిపీచు, బూడిద పెట్టింది.

"ఇవాళ కడిగే వంతు మీదండీ. తోమి షెడ్డులో బోర్లించండి, రేపు పట్టుకెళతాను" అంది.

తడి గుడ్డ ఒకటి తీసుకుని షెడ్డు వైపు నడిచింది. ఆమె గోడ దగ్గర నిలబడి, బొగ్గుతో రాసిన భర్త పేరుని అక్షరం అక్షరం తుడవడం అతనికి దూరాన్నుంచి కనిపిస్తూనే ఉంది. తుడిచి, గుడ్డ పిండి, వెనక్కి చూడకుండా ఊరి దారి పట్టింది.

రాయప్ప నీళ్ళ అంచున గొంతుక్కూర్చున్నాడు. ఆరేళ్ళలో మొదటిసారి కిందికి చూశాడు. నీళ్ళలో కానుగ కొమ్మ ఉంది, వాలిన ఎండ ఉంది, తనంతట తనే తిరుగుతూ కడుక్కుంటున్న గుండిగ ఉంది. కాసేపటికి అవతలి ఒడ్డు నుంచి పరజలు ఒక్కొక్కటే ఇటు రావడం మొదలుపెట్టాయి. వాటి వెనక చిలువ బాతులు వచ్చాయి, బుడుబుంగలు తేలాయి, కొంగలు మెల్లగా అడుగులు వేసుకుంటూ వచ్చాయి. తను గొయ్యి తీసి పూడ్చిన మూడు వందల పన్నెండూ వచ్చి గుండిగ చుట్టూ చేరాయి. బెదరడానికి వాటికి అక్కడ మనిషెవరూ కనిపించలేదు.

"హుష్" అన్నాడు రాయప్ప. చెయ్యి ఊపాడు. నీళ్ళు తపతపా కొట్టాడు. ఒక్కటీ కదల్లేదు.

అవి చీకటి పడేదాకా అక్కడే ఉన్నాయి. అతను తోమిన గుండిగే మళ్ళీ తోముతూ కూర్చున్నాడు.